రంగు చూసి నొక్కుతున్నారా?

‘ఏ రంగు వేస్తే ఫోన్లు ఎక్కువొస్తాయి?’

నాదర్‌గుల్‌లో వెబ్‌సైట్లు చేసిపెట్టే నన్ను ఎవరు కలిసినా మొదట అడిగేది ఇదే. ప్లాట్లు అమ్మేవాళ్లయినా, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లయినా, ఎల్బీనగర్‌లో కర్రీ పాయింట్ పెట్టుకున్నవాళ్లయినా అంతే. ఎరుపు తొందరపెడుతుంది, నీలం నమ్మకం కలిగిస్తుంది, ఆకుపచ్చ ప్రశాంతంగా ఉంటుంది... ఈ జాబితా నెట్‌లో అందరూ చదివేసే వస్తారు. అది పూర్తిగా తప్పని అనను. కానీ ఏ రంగూ ఒంటరిగా పనిచేయదు. దాని పక్కన ఏముందో, చూసేవాళ్లు ఎవరో కూడా లెక్కలోకి రావాలి.

ఎరుపు ఎందుకు గెలిచింది?

2011లో అమెరికాలో పర్‌ఫార్మబుల్ అనే కంపెనీ ఒకే పేజీలోని బటన్‌ని కొందరికి ఆకుపచ్చగా, కొందరికి ఎర్రగా చూపించింది. ఎరుపుకి 21 శాతం ఎక్కువ క్లిక్‌లు పడ్డాయి. ఇంకేముంది, ‘బటన్ అంటే ఎరుపే’ అని ప్రచారమైపోయింది. అసలు సంగతేమిటంటే, ఆ పేజీలో ఎక్కువగా ఉన్నది ఆకుపచ్చే. అందుకే ఆకుపచ్చ బటన్ అందులో కలిసిపోయింది, ఎర్రది కొట్టొచ్చినట్టు కనిపించింది. పచ్చటి చేలో ఎర్రచీర కట్టుకున్న మనిషి ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. అదే మనిషిని మిర్చి కల్లంలో నిలబెడితే?

మన రంగుల కథే వేరు

మనకు ‘పచ్చ’ అంటే ఆకుపచ్చా, పసుపూ రెండూనూ. పచ్చటి పొలం, పచ్చకామెర్లు... మాట ఒకటే, రంగులు రెండు. అందుకే ఎవరైనా ‘పచ్చగా పెట్టండి’ అంటే నేను ముందు నమూనా చూపించి అడుగుతాను. పసుపు మనకు శుభం. కానీ అదే పసుపు చూడగానే తెలుగుదేశం, గులాబీ చూడగానే బీఆర్‌ఎస్ గుర్తొచ్చేవాళ్లూ ఉన్నారు. ‘ఆ రంగొద్దన్నా, పార్టీవాళ్లమనుకుంటారు’ అని మార్పించుకున్నవాళ్లు నా దగ్గరే ఉన్నారు. ఇది నవ్వులాట వ్యవహారం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేశారన్న వివాదం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది!

ముందు కనిపించాలి కదా!

శుభమని తెలుపు మీద పసుపు అక్షరాలు పెట్టమంటారు కొందరు. ఎండలో నిలబడి ఫోన్ చూసే పెద్దాయనకు అవి కనిపిస్తాయా? వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ సూచనల ప్రకారం, మామూలు సైజు అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకైతే అది 21:1. నిండు పసుపుకి? సుమారు 1.07:1 మాత్రమే.

ఇంకో చిక్కుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియనివాళ్లు మన మధ్యే ఉంటారు, ముఖ్యంగా మగవాళ్లలో. లేఅవుట్ మ్యాప్‌లో అమ్ముడైన ప్లాట్లు ఎర్రగా, ఖాళీవి ఆకుపచ్చగా వేసి ఊరుకుంటే వాళ్లకి రెండూ ఒకేలా కనిపించొచ్చు. అందుకే నేను రంగుతోపాటు ‘అమ్ముడైంది’ అని రాసేస్తాను. ఇక్కడి ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ప్రాజెక్టు గురించి అడిగినా ఇదే చెబుతాను: పేజీని ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడూ అర్థమైతే మీ డిజైన్ పాసైనట్టే.

ఇంతకీ ‘వద్దు’ ఎక్కడుంది?

ఇదంతా తెలిసినవాళ్లు దాన్ని తిప్పి కూడా వాడగలరు. ఆ మధ్య ఒకాయన, ‘బుక్ చేయండి’ బటన్ ఆకుపచ్చగా, పెద్దగా ఉండాలన్నారు. సరేనన్నాను. దాని కింద ‘ఇప్పుడు వద్దు’ అన్నది లేత బూడిద రంగులో, కనిపించీ కనిపించనట్టు ఉండాలన్నారు. రెండూ చదవగలిగేలా ఉంటేనే చేస్తానని చెప్పాను. ఆ పని వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

ఇలాంటి వాటిని ‘డార్క్ ప్యాటర్న్స్’ అంటారు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ పేరుతో 13 రకాల మాయలను గుర్తించి, అవి కూడదంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక దాన్ని మెరిపించి, ఇంకో దాన్ని మరుగున పెట్టి మనల్ని దారి మళ్లించడం అందులో ఒకటి. కొనమని అడిగే చోట ‘వద్దు’ని లేత రంగులో పెట్టడాన్ని కూడా అందులో ఉదాహరణగా చూపించారు.

కాబట్టి ఈసారి ఫోన్‌లో ఏదైనా మెరిసే బటన్ ‘నన్ను నొక్కు’ అంటుంటే ఒక్క క్షణం ఆగండి. దాని చుట్టూ వెలిసిపోయినట్టున్న అక్షరాలు చదవండి. మీకు కావాల్సిన మాట అక్కడుండొచ్చు. ఇంట్లో అమ్మకీ నాన్నకీ కూడా ఇది చూపించండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ స్క్రీన్‌షాట్ మాత్రం దాచిపెట్టుకోండి.