కార్జం ఉండలు

మేక కార్జం మీరు వండే ఉంటారు. మనకూ కార్జం ఉంది. మింగిన మాత్ర పేగు నుండి ముందు అక్కడికే పోతుంది.

1997లో అమెరికాలో ట్రోగ్లిటాజోన్ అనే షుగర్ మందు వచ్చింది. జంతువులకిచ్చి చూస్తే బాగానే ఉంది. మనుషుల్లో కొందరికి కార్జం చెడి ప్రాణం పోయింది. 2000లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు మీరు వేసుకునే మాత్ర అది కాదక్కా, భయపడి మానకండి.

మరి మనిషి కార్జం మీద ముందే చూడడం ఎలా? గోడకు ఇటుకలెలాగో ఒంటికి కణాలు అలాగ. దానం చేసిన కార్జం నుండి కణాలు తీస్తారు. పళ్ళెంలో పలచగా పరిస్తే కొద్ది రోజులకే అవి తమ పని మరిచిపోతాయి. అడుగంటని గిన్నెలో వేస్తే వాటంతటవే దగ్గరై ఉండ కడతాయి. ఆవగింజ కన్నా చిన్న ఉండ! వారాల తరబడి కార్జంలాగే పనిచేస్తుంది. చక్కెర, కొవ్వు ఎక్కువ పోస్తే దానికీ కొవ్వు పడుతుంది. ఆ పాత మందు చెడుగుణం ఇలాంటి ఉండల్లో బయటపడింది.

ఉండకు పేగు లేదు, గుండె లేదు. అందుకే మనుషుల్లోనూ చూడక తప్పదు.