పెరడు లేని పేదకు కూర ఎక్కడిది?

రైతు సమస్యలు అనగానే ఎరువులు, విత్తనాలు, అప్పులు, గిట్టుబాటు ధర గుర్తుకొస్తాయి. ఇంటి వెనక నాలుగు పాదుల పెరటిని మాత్రం ఎవరూ రైతాంగ సమస్యగా లెక్కించరు. అది ఆడవాళ్ల పని అనో, పొద్దుపోని వాళ్ల సరదా అనో వదిలేస్తారు. కాని కూలి డబ్బుతో బతికే ఇంట్లో అన్నంలోకి కూర ఉందా, పచ్చడి మెతుకులేనా అన్నది చాలావరకు ఆ పెరటి మీదే ఆధారపడి ఉంది. పెరడు ఉండాలంటే జాగా ఉండాలి. జాగా అంటే భూమి. అందువల్ల పెరటి ప్రశ్న కూడా చివరికి భూమి ప్రశ్నే.

కూర ఖర్చు ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలి. నలుగురున్న ఇంటికి ఆ లెక్కన కిలోన్నర పైమాటే. కిలో సగటున 40 రూపాయలని వేసుకున్నా రోజుకు 60 రూపాయలు దాటుతుంది, నెలకు 1,900 రూపాయలు. ఏడాదిలో సగం రోజులు పని దొరకని కూలి కుటుంబం ఇంత డబ్బు కూరలకే పెట్టగలదా? పెట్టలేదు. అందుకే "ఇవాళ కూరేంటమ్మా?" అంటే "ఏముంది, పచ్చిమిరపకాయ, మజ్జిగ" అన్న మాట పల్లెల్లో ఇంకా వినిపిస్తోంది.

ఫలితం మన కళ్ల ముందే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. రక్తం లేకపోవడానికి ఆకుకూర లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పప్పు, పాలు, గుడ్డు, మాంసం, వైద్యం, మంచినీళ్లు అన్నీ కావాలి. కాని వీటిలో డబ్బు లేకుండా పేద ఇల్లాలి చేతికి అందగలిగింది ఆకు, కాయ మాత్రమే.

బజారు ధర సంగతి చెప్పనక్కర్లేదు. 2023 జూలైలో టమాటా ధర మదనపల్లె మార్కెట్లోనే కిలో 200 రూపాయల దాకా పోయింది. అదే టమాటాను ధర పడిపోయినప్పుడు పత్తికొండ రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులు ఎన్నో. పండించే రైతుకూ నష్టమే, కొనుక్కునే కూలికీ నష్టమే. మధ్యలో ఉన్నవాడిదే లాభం. ఈ బజారు పోటు నుంచి కాస్తయినా కాపాడేది ఇంటి వెనక పాదు.

మన నేల, మన ఎండ

మన ప్రాంతం వేడి ప్రాంతం. చలిదేశాల్లో మంచు పడి ఏడాదిలో కొన్ని నెలలు నేల గడ్డకట్టుకుపోతుంది. మనకు ఆ బాధ లేదు. రోహిణి కార్తె ఎండలు తప్పిస్తే ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఎదుగుతూనే ఉంటుంది.

తొలకరి పడగానే, మృగశిరలో బీర, సొర, కాకర, పొట్ల గింజలు పెడతారు. మూరెడు గుంట తీసి, పశువుల ఎరువు, చెరువు మట్టి కలిపి పాదు చేస్తే చాలు. పొట్ల పిందె వంకర పోకుండా కొసకు చిన్న రాయి కట్టడం మన అమ్మమ్మలు నేర్పిన విద్య. చిక్కుడు కూడా అప్పుడే పెడతారు గాని నాటు చిక్కుడు తొందరపడదు. పొద్దు తగ్గి చలి మొదలయ్యాకే పూతకొస్తుంది. సంక్రాంతికి ఇల్లంతా చిక్కుడే. కార్తీకంలో వంగ, టమాటా, మిరప నారు, కొత్తిమీర, పాలకూర, మెంతికూర. వేసవిలో తోటకూర, బచ్చలి, బెండ. కోస్తాలో గోంగూర అన్నా, తెలంగాణలో పుంటికూర అన్నా అది ఏ నేలలోనైనా వస్తుంది. తోటకూర గింజ చల్లిన నెల లోపే కోతకొస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు నాలుగు కొబ్బరి మట్టలు అడ్డం వేసి, పొద్దున గాని సాయంత్రం గాని నీళ్లు పోస్తే మడి నిలుస్తుంది.

దొండ తీగ ముక్క ఒకసారి పాతితే ఏళ్ల తరబడి కాస్తుంది. మునగ కొమ్మ పాతితే చెట్టవుతుంది. తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల వాళ్లు తెచ్చిన పి.కె.ఎం–1 రకాన్నయితే గింజతోనే పెంచవచ్చు, ఏడాది తిరక్కుండానే కాస్తుంది. స్నానాల గది నీళ్లు పారే చోట అరటి, చేమ. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకుకు. దీనికి పెట్టుబడి ఏముంది?

చీడపీడలకు మందుల కొట్టు దాకా పోనక్కర్లేదు. ఎండిన వేప గింజల పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటగట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి చల్లితే రసం పీల్చే పురుగు, చిన్న గొంగళి పురుగు చాలావరకు అదుపులో ఉంటాయి. బీర, కాకరలో పుచ్చు కాయలు రాలితే వాటిని అక్కడే వదలకుండా లోతుగా పూడ్చాలి. లేకపోతే పండు ఈగ మళ్లీ అందులోంచే లేస్తుంది. మునగ మొదట్లో గుంపుగా చేరే బొంత పురుగును పగలు అక్కడే పట్టి చంపడమే ఉపాయం. ఒకటి రెండు మొక్కలే కనుక ఇది చేతి పని, ఖర్చు పని కాదు.

గట్టు మీది కూర ఏమైంది?

పెరడు లేని వాళ్లకు ఒకప్పుడు పొలం గట్టే పెరడు. కలుపు తీయడానికి పోయిన ఆడ కూలీలు సాయంత్రం ఒళ్లో కూర మూటతో తిరిగొచ్చేవాళ్లు. పొన్నగంటి, గంగవాయిలి, చెంచలి, తుమ్మి, గలిజేరు, గునుగు. వీటిని ఎవరూ నాటలేదు, ఎవరూ అమ్మలేదు. రైతుకు అవి కలుపు, కూలికి కూర. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాలు, పప్పులు కలిపి పండించే దళిత మహిళలు ఇప్పటికీ ఇలాంటి ఆకుల పేర్లు డజన్లకొద్దీ చెబుతారు.

తర్వాత గడ్డి మందు వచ్చింది. ఎకరం కలుపు పది మంది తీసే చోట ఒకడు డబ్బా వీపున వేసుకుని పూట లోపల ముగించేస్తున్నాడు. కూలీ ఖర్చు తట్టుకోలేని చిన్న రైతు మందు వైపు పోతే అతన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు. పంటకు ధర రానప్పుడు అతను చేసేదేముంది? కాని జరిగింది మాత్రం చూడాలి. ఆ డబ్బా ఆడవాళ్ల కలుపు కూలినీ పోగొట్టింది, గట్టు మీది కూరనూ పోగొట్టింది. చేతిలో డబ్బు తగ్గిన రోజే కూర కూడా కొనుక్కోవలసి వచ్చింది. మిగిలిన ఆకు మీద కూడా మందు పడిందేమోనన్న భయం ఒకటి. ఇలా గట్టు పోయాక పెరటి అవసరం ఇంకా పెరిగింది. సరిగ్గా అప్పుడే పెరడు చిక్కిపోయింది.

సెంటున్నరలో పాదు ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. సెంటున్నర అంటే 72.6 గజాలు, అంటే సుమారు 653 చదరపు అడుగులు. అందులో ఇల్లు 340 అడుగులు. మిగిలిన 313 అడుగుల్లో మరుగుదొడ్డి, అంట్లు తోముకునే చోటు, నీళ్ల తొట్టి, సైకిలు, కట్టెలు, మెట్లు. చుట్టూ గాలి కోసం కాస్త సందు. ఇక బీర పాదు ఎక్కడ పెట్టాలి? మునగ కొమ్మ పక్కింటి గోడ మీదికి పోతే తగాదా. కోళ్ల గూడుకే చోటు లేనప్పుడు గేదె మాట ఎత్తనక్కర్లేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామని చెప్పింది. అది పూర్తిగా అమలైతే ఒక మెట్టు ఎక్కినట్టే, గాని సరిపోదు.

తెలంగాణలో 2015లో మొదలుపెట్టిన డబుల్ బెడ్‌రూం పథకం కింద నగరాల్లో కట్టినవి అంతస్తుల ఇళ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. పైన కప్పు మంచిదే, కాళ్ల కింద నేల మాత్రం ఉమ్మడి సిమెంటు.

మిద్దె మీద పెంచుకోవచ్చు కదా అంటారు. నిజమే, పెంచవచ్చు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివార్లలో తన మిద్దె మీద కూరగాయలు, పండ్లు పండించి చూపారు. ఎందరో ఆయన దారి పట్టారు. అయితే ఆ పనికి సొంత మిద్దె, బరువు మోసే స్లాబు, కుండీలు, మట్టి, రోజూ నీళ్లు కావాలి. రేకుల కప్పు కింద ఉన్నవాడికి ఆ దారి లేదు.

మరొక చోట ఎలా జరిగింది?

ఇళ్ల స్థలమంటే తల దాచుకునే చోటే అనే ఆలోచన మన పాలకులది. కేరళలో పేదలు దాన్ని ఒప్పుకోలేదు. భూస్వాముల భూముల్లో గుడిసెలు వేసుకున్న వాళ్లను అక్కడ కుడికిడప్పుకారులు అంటారు. 1969లో సవరించిన భూసంస్కరణల చట్టం గ్రామ పంచాయతీల్లో వాళ్లకు గుడిసె చుట్టూ 10 సెంట్ల దాకా హక్కు ఇచ్చింది. పట్టణాల్లో 5, నగరాల్లో 3. కాగితం మీది హక్కు కోసం వాళ్లు ఊరికే కూచోలేదు. 1970 జనవరి 1 నుంచి జెండాలు పట్టి తమ గుడిసెల చుట్టూ తామే కంచెలు వేసుకున్నారు. ఆ పది సెంట్లలో కొబ్బరి, పనస, అరటి, మిరియాల తీగ, కర్రపెండలం లేచాయి. ఉదయం కూలికి పోకపోతే పొయ్యి వెలగదన్న భయం కొంత తగ్గితే, భూస్వామి ముందు తల ఎత్తి కూలి రేటు అడిగే ధైర్యం వస్తుంది.

1991లో సోవియట్ యూనియన్ పడిపోయాక, ఒక పక్క అమెరికా ఆంక్షలు, మరో పక్క ఆగిన దిగుమతుల మధ్య క్యూబా ప్రజలు తిండికి కటకటపడ్డారు. అప్పుడు హవానా నగరంలో ఖాళీ స్థలాలను కూరగాయలు పండించుకోవడానికి జనానికి ఇచ్చారు. ఇటుకల అంచుల మధ్య కుళ్లిన ఎరువు నింపి మడులు కట్టారు. దానితో ఆ దేశపు తిండి సమస్య అంతా తీరిందని కాదు. కాని నగరం నడిమధ్య తాజా ఆకుకూర జనానికి అందింది. మనలాంటి వేడి వాతావరణమే అక్కడా. తేడా ఎక్కడుందంటే ఖాళీ జాగా ఎవరికోసం అన్నదాంట్లో.

మన దగ్గర ఆ ప్రశ్న అడిగిన వాళ్లకు ఏం జరిగిందో మరిచిపోలేం. ఇళ్ల స్థలాలు, సాగుభూముల కోసం 2007లో వామపక్షాలు సాగించిన భూపోరాటంలో, జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు.

ఇంకా కొన్ని చిక్కులు

జాగా ఒక్కటే ఉంటే చాలదు. దళితవాడ కుళాయికి రోజు విడిచి రోజు నీళ్లొస్తే తాగడానికే సరి. కోతుల మంద వచ్చిందంటే పాదు పీకి పందిరి కూలుస్తుంది. కోతుల బెడదను ఒక్కో ఇల్లు విడిగా తీర్చుకోలేదు, పంచాయతీ పూనుకోవాలి.

విత్తనం మరొకటి. వెనక ప్రతి ఇంటి చూరుకూ ఒక ముదురు బీరకాయ, ఒక సొర బుర్ర వేలాడేవి. చిక్కుడు గింజలు బూడిదలో దాచేవాళ్లు. ఇప్పుడు పొట్లం విత్తనం. హైబ్రిడ్ కాయ గింజ తీసి మళ్లీ వేస్తే అదే కాయ రాదు, కనుక ప్రతి ఏడూ కొనాల్సిందే. పెరటికైనా నాటు విత్తనం నిలుపుకోవాలి. అది మార్పిడితో నిలుస్తుంది. ఒక వీధిలో పది మంది ఆడవాళ్లు కలిస్తే పది రకాలు.

ఈ పనంతా ఆడవాళ్ల నెత్తిన పడేదే. పొలం పని, ఇంటి పని అయ్యాక మూడో పనిగా పెరడు. మగవాళ్లు కనీసం పందిరి వేయడం, నీళ్లు మొయ్యడం తమదిగా చేసుకోవాలి.

ఏం అడగాలి?

ప్రతి భూమిలేని కుటుంబానికి గ్రామంలో కనీసం 5 సెంట్ల ఇంటి స్థలం కావాలి. ఇదివరకే సెంటున్నర కాలనీలు కట్టిన చోట, వాటి పక్కనున్న ప్రభుత్వ భూమిని మహిళా సంఘాలకు ఉమ్మడి కూరగాయల తోటగా ఇవ్వాలి. కాలనీ కుళాయి లెక్క వేసేటప్పుడు పెరటి నీళ్లు కూడా కలపాలి. రైతు సేవా కేంద్రాలు, రైతు వేదికలు తొలకరికి ముందే నాటు కూరగాయల విత్తనాలు పంచాలి. అంగన్‌వాడీ, బడి ఆవరణలో తోట వేస్తే నీళ్లు పోసే మనిషికి జీతం ఇవ్వాలి. ఆయమ్మ చేత వెట్టి చేయించకూడదు.

ఇవి పెద్ద కోరికలేమీ కాదు. వందల ఎకరాలు కంపెనీలకు రాసిచ్చే ప్రభుత్వాలకు కూలి మనిషి ఇంటి వెనక నాలుగు పాదుల జాగా బరువు కాకూడదు. వచ్చే గ్రామసభలో పట్టాల మాట వచ్చినప్పుడు, ఇల్లు ఎన్ని అడుగులని మాత్రమే కాదు, పెరడు ఎన్ని గజాలని కూడా అడుగుదాం.