ఇంటి కుక్కయు, ఆకాశపు వేటగాండ్రును

మన సంఘపు గిడ్డంగి యెదుట ఎరువుల కొఱకు వచ్చిన సభ్యులు, తమ వంతు వచ్చువఱకు నిద్రగన్నేరు చెట్టు నీడను కూర్చుండి ముచ్చటించుకొనుట వాడుక. ధరవరలు, వానలు, కాలువ నీరు ముగిసిన పిమ్మట మాటలు తఱచుగా కుక్కల మీదికి మఱలును. ఎవరి కుక్క వారికి మహావీరుడే. గడచిన వేసవిలో నొకనాడు ఈ ముచ్చటలు కుక్కలనుండి గద్దల మీదికి పోయినవి. వానిలో కొన్నిటిని వ్రాసికొంటిమి. వ్రాసికొనుటకు కారణము తరువాత చెప్పెదము.

ఒక సభ్యుడు, తమ కుక్క ఈనిన నెల దినముల పిల్లను గద్ద తన్నుకొని చెఱువు దాటిపోయినదని ఒట్టుపెట్టి చెప్పిరి. దీనిని మేము నమ్మలేకున్నాము. మన యూళ్లపై నిత్యము తిరుగు గద్ద రెక్కలు చాచినప్పుడు నాలుగైదడుగుల వెడల్పు కనుపించును గాని, దాని బరువు ముప్పాతిక కిలోకు అటునిటు మాత్రమే. పక్షుల యెముకలు బోలుగా నుండును; కంటికి దేహముగా తోచునది చాలవఱకు ఈకల పొంగు. తన బరువులో సగము మోసికొని యెగురుటయే దానికి ప్రయాసము. నెల దినముల నాటు కుక్కపిల్ల కిలోకు మించియే యుండును. కన్నులు తెఱవని పసికూనను, అదియు తల్లి చెంత లేనప్పుడు, ఎత్తుకొనిపోవుట అసంభవము కాదు. ఆ మిత్రుని కథ మొదట అట్టిదే యై యుండును. చెప్పగా చెప్పగా పిల్ల పెరిగినది. ఇక జాలెడేగ సంగతి చెప్పనక్కఱలేదు. అది పావురమంతయే యుండును. తొండలు, చిన్న పిట్టలు, ఎలుకలు దాని యాహారము. సందు దొఱకినచో కోడిపిల్లయు.

కోళ్లు పెంచు నొక సోదరి చెప్పిన సంగతి మాకు మిక్కిలి నచ్చినది. ఆమె కుక్క, కోడి కూత వినుటతోడనే తల పైకెత్తి ఆకాశమును చూచి మొఱుగునట. ముంగిస వచ్చినప్పుడు కూడ కోడి కూయును గాని, అప్పుడు కుక్క పైకి చూడక కంచె మొదటికి పరుగెత్తునట. ఇది కల్పన కాదు. కోళ్లు పైనుండి వచ్చు శత్రువునకు ఒక విధముగను, నేలపై వచ్చు శత్రువునకు మఱియొక విధముగను కూయునని శాస్త్రజ్ఞులు పరిశీలించి యున్నారు. ఆ భేదమును కుక్క యెవరును నేర్పకయే పట్టుకొన్నది. అట్టి కుక్కయు, పిల్లలు దూరుటకు నాలుగు గంపలును దొడ్డిలో నున్నచో డేగను చంపవలసిన పని లేదు.

గద్ద తమ కుక్కను వీపుమీద తన్నినదని ఇద్దఱు చెప్పిరి. ఇది నిజమే. పుష్యమాఘములలో గద్దలు ఎత్తైన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ఆ కాలమున గూటి క్రింద సంచరించు కుక్కనైనను, మనుష్యునైనను పైనుండి వచ్చి కొట్టి పోవును. తినుటకు కాదు, తఱుముటకు. పిల్లలు ఎగిరిపోవువఱకు కొన్ని వారములు కుక్కను వేఱొకచోట కట్టుట చాలును.

రాత్రి గుడ్లగూబ అఱచిన కుక్క యేడ్చుననియు, ఆ యింట అరిష్టమనియు నొకరనిరి. కుక్క చెవికి మన చెవికంటె నెక్కువ శబ్దములు వినబడును. క్రొత్త శబ్దము విన్నచో బదులు పలుకుట దాని స్వభావము. గుడ్లగూబయు ఎలుకకై వచ్చును గాని మనకై రాదు. చేలలో దానికి కూర్చుండుటకు పైరుకంటె కొంచెము ఎత్తుగా, అడ్డకఱ్ఱ కట్టిన గుంజలు పాతినచో ఎలుకల మందు ఖర్చు కొంత తగ్గును. మందు పెట్టి, దాని పక్కనే గుడ్లగూబను పిలుచుట మాత్రము కూడదు. బ్రోమాడియోలోన్ వంటి మందు తిన్న యెలుక వెంటనే చావదు. మత్తుగా తిరుగు ఆ యెలుకను గుడ్లగూబ తినును, కుక్కయు తినును. విషము వాని కాలేయమున నిలిచి, రక్తము గడ్డకట్టకుండ జేయును.

డెబ్బది దాటిన యొక పెద్ద అంతవఱకు ఊరకుండి, తమ చిన్ననాటి రాబందులను తలచుకొనిరి. ఎద్దు చచ్చినచో ఊరి వెలుపలికి ఈడ్చి తోలు ఒలిచి పోవుటయే. గంట తిరుగునంతలో అవి గుంపుగా వ్రాలి యెముకలు మాత్రము మిగిల్చెడివట. కుక్కలు దూరమున కూర్చుండి తమ వంతు కనిపెట్టుకొనెడివట. ఆ పక్షు లేమైనవి? తెల్లవీపు రాబందులు 1992 మొదలు 2007 వఱకు మన దేశమున వేయింటికి 999 వంతున నశించినవి. పశువుల నొప్పికి, జ్వరమునకు ఇచ్చు డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో వెల్లడి యైనది. ఆ సూదిమందు పడిన పశువు చచ్చినచో, దాని మాంసము తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి కొలది దినములలో మరణము కలుగును. నూఱు కళేబరములలో ఒక్కదానియం దైనను విషముండ నక్కఱలేదు, అంతకు తక్కువ యైనను ఆ జాతి క్షీణించుటకు చాలునని లెక్క తేలినది. ఏలయన ఒక్క కళేబరముపై పదులకొలది వ్రాలును. జంటకు ఏటికి ఒకటే గ్రుడ్డు. ప్రభుత్వము ఆ మందును పశువులకు వాడుట 2006లోను, కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023లోను నిషేధించినది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. పశువైద్యుని అడిగి దానినే వేయించవచ్చును. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో బెజ్జూరు అడవులయందలి పాలరాపు గుట్టపై 2013లో రాబందుల గూళ్లు కనుపించినవనగా ఆ పెద్ద చాలసేపు మాటాడలేదు.

రాబందులు పోయిన చోట కళేబరము కుక్కల పాలైనది. తిండి పెరిగిన కొలది కుక్కలును పెరిగినవి. 2008లో ప్రకటింపబడిన యొక యంచనా ప్రకారము, అట్లు పెరిగిన కుక్కలు 55 లక్షలకు తక్కువ గావు. 1992–2006 నడుమ వానివలన పిచ్చికుక్కకాటు వ్యాధిచే అదనముగా మరణించినవారు సుమారు 47,300 మంది.

ఇక మా కారణము. ఆ ముచ్చటలు జరిగిన వారము తిరుగకముందే, మేకలను చంపుచున్న ఊరకుక్కలపై కోపముతో నెవరో చచ్చిన మేకపై పురుగుమందు గుళికలు చల్లి చెఱువుగట్టున పడవేసిరి. చేసినవారెవరో మేము విచారింపలేదు. మేకలు పోయినవాని దుఃఖము మే మెఱుంగుదుము. తెల్లవాఱునప్పటికి గట్టుమీద మూడు గద్దలు పడియున్నవి. ఊరకుక్క యొక్కటియు చావలేదు. చచ్చినది మా గిడ్డంగి కుక్క. తొమ్మిదేండ్లుగా బస్తాలను కాచినది. నురుగు క్రక్కుచు, కాళ్లు కొట్టుకొనుచు గిడ్డంగి గుమ్మము వఱకు వచ్చి పడినది. విరుగుడు మందు అట్రోపిన్ తీసికొని పశువైద్యుడు వచ్చునప్పటికి ప్రాణము పోయినది. కావలివాని కుమారుడు దానిని నిద్రగన్నేరు క్రిందనే పాతిపెట్టెను.

కుక్కకు విషము పెట్టుట 1960 నాటి చట్టము ననుసరించియు, గద్దను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించియు నేరములు. చట్టమట్లుండగా, మేకలను కాచుకొను మార్గము వేఱు: రాత్రి దొడ్డికి ముండ్లకంచె, చచ్చిన పశువునకు ఆఱడుగుల గొయ్యి. రాబందులున్న ప్రాంతములలో మందులు పడని కళేబరమును పాతక వానికి విడుచుట మేలు. మన యూళ్ల సంగతి వేఱు. గోతికి కావలసిన సున్నము మన గిడ్డంగిలో సభ్యులకు ఉచితముగా నిచ్చుటకు పాలకవర్గము ఒప్పుకొన్నది. కుక్కలకు వ్యాధినిరోధక సూదిమందు వేయుటకు పశువైద్యుడు వచ్చు దినమును గిడ్డంగి గోడపై వ్రాయించెదము. పెంపుడు కుక్కలనే గాక, పట్టుకొనగలిగిన ఊరకుక్కలను కూడ తోడ్కొని రావలెను.

గిడ్డంగికి క్రొత్త కుక్కపిల్ల వచ్చినది. నాలుగు నెలలది. నిద్రగన్నేరు కొమ్మపై జంటలో మిగిలిన గద్ద వచ్చి వ్రాలినప్పుడెల్ల తల యెత్తి మొఱుగుచున్నది.