పాత అంబాసిడర్ ఇంజిన్ బోరుకొచ్చిందా?

మన హాస్టల్ నుండి ఐ.టి.ఐ.లో చేరి మోటార్ మెకానిక్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, పాత పెట్రోల్ అంబాసిడర్ కొని పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుదామనుకునే పూర్వ విద్యార్థులకు ఈ నాలుగు మాటలు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికే బండ్లలో చాలావాటి పూర్వాపరాలు చెప్పేవారుండరు. మీటరును నమ్మలేం. పాత మీటర్లలో చాలావాటికి ఐదంకెలే. లక్ష దాటితే మళ్లీ సున్నా! కనుక ఇంజిన్‌నే అడగాలి.

ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారాక మీరే స్టార్ట్ చేయండి. మొదట కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ గైడ్లు, సీళ్లు అరిగి ఉండవచ్చు. రేజ్ చేసినంతసేపూ నీలం పొగే వస్తుంటే రింగుల మీద అనుమానపడాలి. నల్లపొగ పెట్రోలు ఎక్కువ కాలడం వల్ల వస్తుంది, దానికి బోరుతో పనిలేదు.

అసలు పరీక్ష కంప్రెషన్ గేజితో. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో సిలిండర్ అంకె రాసుకోవాలి. అంకె ఎంత అన్నదానికన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. మూడు 135 దగ్గర ఉండి ఒకటి 90 చూపితే ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్లు. ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే గాలి వాల్వుల దగ్గర పోతోంది. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గి, ఆయిల్‌కు కదలకపోతే హెడ్ గాస్కెట్ చూడాలి.

ఈ ఒక్క చెంచా ఆయిలే ఖర్చు తేల్చేది. వాల్వులైతే హెడ్ విప్పి గ్రైండింగ్ చేయిస్తే సరిపోవచ్చు. బోరైతే బ్లాకు లేత్ షాపుకు వెళ్లాలి, ఓవర్‌సైజు పిస్టన్లు కొనాలి. విజయవాడ ఆటోనగర్‌లో రెండు పనులూ అవుతాయి, కానీ అవసరం లేని బోరింగ్‌కు డబ్బు పోయడమెందుకు?

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు నగరంలో ఎన్నో బండ్లు మునిగాయి. సీట్ల కింద, కార్పెట్ల అడుగున ఒండ్రు ఉందేమో చూడండి. నీళ్లు చేరి నిలిచిన సిలిండర్లో తుప్పు పడితే, ఎంత తక్కువ తిరిగిన ఇంజిన్ అయినా బోరు పాడవుతుంది.

చివరగా ఆయిల్ ప్రెషర్. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అరగంట తిప్పాక బాగా పడిపోతూ, అడుగు నుండి దబదబమని చప్పుడొస్తే బేరింగులు అరిగినట్లే. కొందరు చిక్కటి ఆయిల్ పోసి ఆ చప్పుడు అణుస్తారు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూస్తే తెలుస్తుంది.