చిటికెన వేలికి చోటు

"నాన్నా, మ్యాగజైనుకి ఒక డిజైన్ గీస్తున్నాను" అని మా అబ్బాయి మొన్న ఆదివారం అంటే, మన సంఘం పత్రికకి ముఖచిత్రం కాబోలని మురిసిపోయాను. తీరా చూస్తే అది పిస్తోలు పిడిలో దూర్చే తూటాల పెట్టె!

నేనేమో ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో అంకెలతో కాపురం చేస్తున్న కామర్సు వాణ్ణి. తుపాకీ అంటే మా బ్రాంచి గార్డు భుజాన వేలాడేదే తెలుసు. కుందలహళ్ళిలో మా ఇంటి భోజనాల బల్ల దగ్గర వాడే నాకు పాఠం చెప్పాడు.

జేబులో ఇమడాలని చిన్న పిస్తోలుకి పిడి పొట్టిగా చేస్తారట. చూపుడు వేలు ట్రిగ్గర్ దగ్గరుంటే, పిడి మీద రెండు వేళ్ళే ఆనతాయి. చిటికెన వేలికి చోటుండదు. ఆ వేలు వదిలేసి నీళ్ళ బకెట్టు ఎత్తి చూడండి, పట్టు ఎంత సడలుతుందో మీకే తెలుస్తుంది. 1931లో వచ్చిన జర్మనీ వాల్తర్ పీపీకే పిస్తోలుకి, వేలు ఆనడానికి మ్యాగజైను అడుగున చిన్న కొస కలిగిన రకం ఉంది. కానీ ఆ కొస మళ్ళీ జేబులో చోటు తింటుంది. దాన్ని మడత కుర్చీలా మడిచేస్తే? ఇదీ మావాడి ఊహ. బందు వదులైతే పేలిన అదురుకి ముడుచుకుపోతుంది, మరీ బిగుతైతే అవసరానికి తెరుచుకోదు. చిక్కంతా అక్కడే.

పోటీల్లో వాడే పిస్తోళ్ళకి ఈ తంటా లేదు, పిడిని అరచేతి కొలతకి తగ్గట్టు మలచుకోవచ్చు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఉన్న జట్టు 25 మీటర్ల పిస్తోలు పోటీలో స్వర్ణం గెలిచింది కదా, ఆ ముచ్చట కూడా చెప్పుకున్నాం.

అంతా బాగుంది. "దీన్ని త్రీడీ ప్రింటర్ మీద తీసి చూస్తాను" అనగానే నాలోని ఆడిటర్ లేచి కూర్చున్నాడు. 1959 నాటి ఆయుధాల చట్టం తీయించాను. ఆయుధమంటే దాని విడి భాగాలు కూడా అని అందులో ఉంది. లైసెన్సు లేకుండా తయారుచేయడం నేరం. "అంకెలు తప్ప ఏదీ మీకు నచ్చదు" అని వాడు అలిగాడు. రెండు రోజులు మాటల్లేవు.

ఆ రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదు. వాడు ఇంజనీరై రెండేళ్ళయింది. "నువ్వు చేసే పనేమిట్రా?" అని నేను అడిగింది ఆ ఆదివారమే! మూడో రోజు నేనే వెళ్ళి, "ఆలోచన మానెయ్యమనలేదు, లైసెన్సున్న సంస్థలో చేరి చెయ్యమన్నాను. బందు సంగతి ఏమైంది?" అన్నాను. వాడి మొహం విప్పారింది. గంటసేపు చెప్పాడు. సగమే అర్థమైంది, అయినా లేవలేదు.

అన్నట్టు, మన మ్యాగజైనుకి కూడా ముఖచిత్రం గీసిస్తానన్నాడు. సంపాదకులు గమనించగలరు!