అక్షింతల పురుగులు రెండు రకాలు



ఈ నెల గోడపత్రికలో మన కూరగాయల తోట గురించి రాయమన్నారు. నేను తోటలో ఆకుల్ని పాడుచేసే పురుగుల గురించి రాస్తున్నాను. ముందు మేం చేసిన తప్పు చెప్తాను. తర్వాత నేర్చుకున్నది చెప్తాను.

మెస్ వెనకాల చిక్కుడు పాదు ఉంది కదా. సంక్రాంతి సెలవులకి ముందు దాని చిగుళ్ళకి నల్లగా పేనుబంక పట్టింది. తోట జట్టులో ఉన్న మేం నలుగురం చూడ్డానికి వెళ్ళాం. ఆ నల్ల పేల మధ్యలో ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలు ఉన్న పురుగులు కనిపించాయి. పక్కనే చిన్న చిన్న మొసలి పిల్లల్లాంటి నల్ల పురుగులు పాకుతున్నాయి. అటుపక్క వంగ మొక్కల ఆకులు అప్పటికే జల్లెడలా అయిపోయాయి. వాటి మీదా చుక్కల పురుగులే ఉన్నాయి. "అక్షింతల పురుగులు! అంతా తినేది ఇవే" అనుకున్నాం. మగ్గులో సబ్బు నీళ్ళు కలిపి, చిక్కుడు పాదు మీద ఉన్నవన్నీ ఏరి అందులో వేసేశాం. లెక్కపెడితే నలభై పైనే తేలాయి. ఏదో ఘనకార్యం చేసినట్టు సంతోషపడ్డాం.

వారం తిరిగేసరికి చిక్కుడు చిగుళ్ళు ముడుచుకుపోయాయి. పూత మీద కూడా పేనుబంకే. ఆకులు బంక బంకగా అయి చీమలు బారులు కట్టాయి. సైన్స్ మేడం గారు వచ్చి చూసి, "మీ కాపలా వాళ్ళని మీరే చంపుకున్నారమ్మా" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండింటికీ తేడా ఏమిటి?

అక్షింతల పురుగుల్లో ఆకులు తినేవి వేరు, పురుగుల్ని తినేవి వేరు. మనం రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తాం. అందుకే పొరపాటు పడ్డాం.

వంగ మొక్క మీద ఉండేది ఆకు తినే రకం. దాని వీపు మెరవదు. సన్నటి నూగు ఉండి మాసిన ఇటుక రంగులో ఉంటుంది. ఒక రకానికి వీపు మీద 28 చుక్కలు ఉంటాయి. దాని పిల్ల పురుగు పసుపు రంగులో, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. తల్లీ పిల్లా రెండూ ఆకులోని పచ్చదనాన్ని గీకి తింటాయి. ఈనెలు మాత్రం మిగులుతాయి.

చిక్కుడు మీద ఉన్నది పేనుబంకని తినే రకం. దాని వీపు నూనె రాసినట్టు నున్నగా మెరుస్తుంది. మేం మొసలి పిల్లలనుకున్నవి దాని పిల్ల పురుగులే. తల్లి కంటే పిల్లలే ఆకలి మీద ఉంటాయట, రోజుకు పదుల కొద్దీ పేలని తినేస్తాయి. పేనుబంక పిల్లల్ని కనడానికి మగ పురుగు కూడా అక్కర్లేదు. ఆడవే నేరుగా పిల్లల్ని కంటూ పోతాయి. అందుకే కాపలా లేకపోతే వారంలో పాదంతా పట్టేస్తుంది. చీమలేమో పేనుబంక వదిలే తియ్యటి నీళ్ళ కోసం వచ్చి, అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వకుండా తరుముతాయి. కాబట్టి చీమల బారు కనిపిస్తే ఆకు తిప్పి చూడాలి.

మా తాత చెప్పిన మాట

మేం యానాదులం. మాది నాగాయలంక వైపు. మా తాత వరి చేలల్లో ఎలకల్ని పడతాడు. ఈ సంగతి ఇంతకుముందు నేను క్లాసులో ఎవరికీ చెప్పేదాన్ని కాదు. నవ్వుతారేమోనని. ఇప్పుడు రాస్తున్నాను. తాత బుట్టలు పట్టుకుని వెళ్ళినా వెంటనే పెట్టడు. గట్టు మీద కూర్చుని చూస్తాడు. కొరికిన దుబ్బు చూస్తాడు, బురదలో అడుగులు చూస్తాడు, బొక్క దగ్గర మట్టి కొత్తదా పాతదా అని చూస్తాడు. "ముందు ఎవరు తిన్నారో తెలుసుకోవాలమ్మీ, తర్వాతే బుట్ట" అంటాడు. మేం తోటలో చేసింది దానికి తిరగబడి ఉంది. ముందు చంపాం, తర్వాత తెలుసుకున్నాం.

ఆకును చూస్తే తిన్నది ఎవరో తెలుస్తుంది

మన తోటలో ఈ గుర్తులు చూస్కోవాలి.

1. ఆకు జల్లెడలా అయి ఈనెలు మిగిలితే: వంగ మీద అక్షింతల పురుగు. ఆముదం, క్యాబేజీ లాంటి వాటి మీద ఒకే ఆకుకి చిన్న చిన్న పురుగులు గుంపుగా ఉంటే లద్దె పురుగు. లద్దె పురుగు రెక్కల తల్లి ఆకు మీద ఒకే చోట 200 నుంచి 300 గుడ్లు పెట్టి గోధుమ రంగు నూగు కప్పుతుంది. ఆ ఒక్క ఆకు తుంచేస్తే అన్ని పురుగులూ పోయినట్టే. పెద్దవైతే పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటాయి. అప్పుడు దొరకవు.

2. బెండ ఆకు అంచులు పసుపై దొప్పలా పైకి ముడుచుకుంటే: పచ్చదోమ రసం పీలుస్తోంది.

3. ఆకు కదిపితే తెల్లటి పొడిలా ఎగిరితే: తెల్లదోమ. ఇది బెండకి ఆకు పసుపెక్కే తెగులు తెస్తుంది. మన ఊళ్ళల్లో వరి కోశాక వేసే మినుముకి పల్లాకు తెగులు తెచ్చేది కూడా ఇదే. అలాంటి మొక్కని పీకెయ్యాలి. ఉంచితే పక్క మొక్కలకి అంటిస్తుంది.

4. ఆకు మీద పాము పాకినట్టు తెల్ల గీత ఉంటే: ఆకు పొరల మధ్యలో పురుగు తొలుస్తోంది. ఆ ఆకు తుంచితే చాలు.

5. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పక్షి రెట్ట లాంటిది కనిపిస్తే: అది రెట్ట కాదు, గొంగళి పురుగు. పక్షులు తినకుండా ఆ వేషం. చెట్టు చిన్నదైతే ఏరెయ్యాలి. పెద్ద చెట్టు మీద ఒకటీ అరా ఉంటే వదిలెయ్యొచ్చు, సీతాకోకచిలుక అవుతుంది.

6. మునగ చెట్టు మాను మీద బొచ్చు పురుగులు పగలు గుంపుగా ఉంటే ముట్టుకోవద్దు. ఆ బొచ్చు తగిలితే దద్దుర్లు వస్తాయి. వాచ్‌మన్ గారికి చెప్పాలి.

ఏం చెయ్యాలి?

అన్నిటికంటే ముందు చేత్తో ఏరడం. పొద్దున్నే మంచు మీద ఉన్నప్పుడు పురుగులు చురుగ్గా ఉండవు. వంగ ఆకు వెనక పసుపు గుడ్లు గుంపుగా నిలబెట్టినట్టు ఉంటాయి. ఆ ఆకు తుంచాలి. కానీ జాగ్రత్త, మంచి అక్షింతల పురుగు గుడ్లు కూడా పసుపే. దగ్గర్లో పేనుబంక ఉంటే అవి మంచివని అనుకుని వదిలెయ్యాలి.

పేనుబంకకి లీటరు నీళ్ళలో 5 గ్రాముల సబ్బు కరిగించి చిగుళ్ళు తడిసేలా కొట్టాలి. అక్షింతల పురుగులు ఉన్న చిగురు మీద కొట్టకూడదు. ముందు ఒక కొమ్మకి కొట్టి, మర్నాడు ఆకు మాడలేదని చూశాకే మిగతా పాదుకి కొట్టాలి.

ఆకు తినే పురుగులకి వేప గింజల కషాయం. పైపెంకు తీసిన వేప పప్పు అరకిలో దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి, బకెట్‌లో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూట పిండి, వడగట్టి, మొత్తం 10 లీటర్లు అయ్యేలా నీళ్ళు కలిపి, 10 గ్రాముల సబ్బు వెయ్యాలి. ఆ సాయంత్రమే కొట్టాలి. ఎండ తగిలితే వేప మందు బలం తగ్గిపోతుంది. కొట్టగానే పురుగులు చస్తాయని ఎదురుచూడొద్దు. వేప చేదు తగిలిన పురుగు తిండి మానేస్తుంది. పాత చర్మం విడిచి పెరగలేక నాలుగైదు రోజుల్లో పోతుంది.

మందు డబ్బా ఎందుకు వద్దన్నాం?

చిక్కుడు పాడైనప్పుడు మనకి తెలిసిన ఒకాయన "మా చేనుకి కొట్టగా మిగిలిన మందు ఉంది, ఒక్క రోజులో శుభ్రం చేస్తాను" అన్నారు. ఆయన మన మంచికే అన్నారు. కానీ మనం గోంగూర, చిక్కుడు రోజు విడిచి రోజు కోసుకు తింటాం. మందు కొట్టాక ఆగాల్సినన్ని రోజులు ఎవరు ఆగుతారు?

ఇంకో సంగతి. పోయినేడు మా అమ్మ మినుప చేలోకి కూలికి వెళ్ళింది. ముందు రోజు మందు కొట్టారని ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి తల తిరగడం, వాంతులు, కళ్ళు మంటలు. రెండు రోజులు లేవలేదు. ఆ రెండు రోజుల కూలీ పోయింది. అమ్మకి చదవడం రాదు. తర్వాత నేను గట్టు మీద పడేసిన ఖాళీ డబ్బా చూపించి రంగు గుర్తు చెప్పాను. ప్రతి మందు డబ్బా మీదా రంగు గుర్తు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికంటే ప్రమాదం. తర్వాత పసుపు, తర్వాత నీలం. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ, కానీ అదీ విషమే. అక్షరం రాకపోయినా రంగు తెలుస్తుంది. సెలవులకి వెళ్ళినప్పుడు మీరూ ఇంట్లో ఇది చెప్పండి.

ఖాళీ డబ్బాని నూనెకీ నీళ్ళకీ ఎప్పుడూ వాడకూడదు. 2013 జూలై 16న బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. వాళ్ళూ మనలాగే బడిలో అన్నానికి కూర్చున్నవాళ్ళే.

మందు లేకుండా పంట పండుతుందా అని అడుగుతారు. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరుంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడ పత్తికి మందులు కొట్టి కొట్టి రైతులు అప్పులపాలయ్యారు. తర్వాత వేప కషాయం లాంటి పద్ధతులు పట్టుకున్నారు. 2004లో ఆ పంచాయతీ తమది పురుగుమందులు వాడని ఊరని ప్రకటించింది. పత్తి చేలకి చేతనైతే మన నాలుగు మడులకి చేతకాదా? తెలియనిది ఉంటే మన ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వెళ్ళి అడగొచ్చు.

మా మనవి

వార్డెన్ మేడం గారికి: రోజూ పొద్దున స్టడీ అవర్‌కి ముందు పది నిమిషాలు ఇద్దరిద్దరు చొప్పున తోటలోకి పంపండి. ఆకులు తిప్పి చూడ్డానికి అది చాలు. వేసవి సెలవులయ్యాక వేప పళ్ళు రాలతాయి. అప్పుడు ప్రతి క్లాసు ఒక బుట్ట గింజలు ఏరి నీడలో ఆరబెడితే ఏడాదికి సరిపోతాయి.

నేస్తాలకు: సబ్బు నీళ్ళు కొట్టాక చిక్కుడు మళ్ళీ చిగుర్లు వేస్తోంది. నిన్న పొద్దున పాదు మీద ఆ మొసలి పిల్లలు మళ్ళీ కనిపించాయి. లెక్కపెడితే ఏడు ఉన్నాయి. దయచేసి వాటిని ఎవరూ చంపొద్దు.

ఇట్లు,
తోట జట్టు తరఫున,
9వ తరగతి విద్యార్థిని