హారర్ కామెడీ (తెలుగు సినిమా)

హారర్ కామెడీ అనేది భయానక, హాస్య రసాలను కలిపి నడిపే సినిమా కథారీతి. దెయ్యం, పాడుబడిన బంగళా, భూతవైద్యుడు, అర్ధరాత్రి గజ్జెల చప్పుడు వంటి భయానక చిత్రాల సామగ్రినే తీసుకొని, వాటిని నవ్వు పుట్టేలా అనుకరించడం దీని ప్రధాన లక్షణం. తెలుగులో ఈ ధోరణి ఛాయలు జానపద చిత్రాలలోనే కనిపించినా, 2013 తరువాత వరుసగా చిత్రాలు వెలువడడంతో ఇది ఒక ప్రత్యేక వర్గంగా స్థిరపడింది. 1980 దశకంలో కోనసీమకు చెందిన ఒక రచయిత నవలల ద్వారా పాఠకులను భయపెట్టిన "కాష్మోరా" అనే పేరు, 2016 నాటికి ఒక హాస్య భయానక చిత్రానికి శీర్షిక కావడం ఈ మార్పుకు చక్కని ఉదాహరణ.

అలంకారశాస్త్రంలో

భరతుని నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాలలో హాస్యం, భయానకం రెండూ ఉన్నాయి. శృంగారాన్ని అనుకరించడం వల్ల హాస్యం పుడుతుందని భరతుడు చెప్పాడు. ఏ రసమైనా ఉండవలసిన చోట గాక మరొక చోట, లేదా ఉండవలసిన తీరులో గాక మరొక తీరులో కనిపిస్తే అది హాస్యానికే దారి తీస్తుందని నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం వ్రాసిన అభినవగుప్తుడు ఈ భావాన్ని విస్తరించాడు. దెయ్యాన్ని చూసి మనిషి పరుగెత్తితే భయానకం, మనిషిని చూసి దెయ్యం పరుగెత్తితే హాస్యం. నేటి హారర్ కామెడీలు చాలావరకు ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి.

నేపథ్యం

తెలుగు జానపద చిత్రాలలో దెయ్యం కేవలం భయపెట్టే పాత్ర కాదు. బి.విఠలాచార్య చిత్రాలలో అస్థిపంజరాలు, కామినీ పిశాచాలు పిల్లలను భయపెడుతూనే నవ్వించేవి. ఆయన తీసిన "జగన్మోహిని" (1978)లో దెయ్యం తన కాళ్ళనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం నేటికీ ప్రేక్షకులకు గుర్తున్నది.

1980 దశకంలో భయం నవలల ద్వారా ఇళ్ళలోకి వచ్చింది. కోనసీమలోని రాజోలులో 1948లో జన్మించిన యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" నవలను ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వ్రాశాడు. తులసి అనే చిన్నారిపై జరిగే క్షుద్రప్రయోగం, ఆమెను కాపాడుకోవడానికి పడే తపన ఈ నవల ఇతివృత్తం. కథలో వైద్యం, హిప్నాటిజం ఒక వైపు, మంత్రతంత్రాలు మరొక వైపు సమాంతరంగా సాగుతాయి. దీనికి కొనసాగింపు "తులసి". ఆ కథ ఆధారంగా 1986లో "కాష్మోరా" చిత్రం వచ్చింది. ఈ నవలలు విశేషమైన పాఠకాదరణ పొందాయి. మూఢనమ్మకాలను పెంచుతున్నాయన్న తీవ్రమైన విమర్శకు కూడా గురయ్యాయి. రచయిత్రి రంగనాయకమ్మ "తులసిదళం కాదు గంజాయి దమ్ము" పేరుతో విమర్శనాత్మక పుస్తకమే వ్రాసింది.

రాంగోపాల్ వర్మ తీసిన "రాత్రి" (1992), "దెయ్యం" (1996) చిత్రాలు హాస్యానికి చోటివ్వకుండా, శబ్దం, నిశ్శబ్దాల సాయంతో నగర జీవితంలోని భయాన్ని చూపాయి. ఆ తరువాత "చంద్రముఖి" (2005), రాఘవ లారెన్స్ తీసిన "ముని" (2007), "కాంచన" (2011) చిత్రాలు భయాన్ని, హాస్యాన్ని ఒకే కథలో కలిపి విజయం సాధించాయి. దెయ్యమంటే వణికిపోయే కథానాయకుడు ఈ చిత్రాల తరువాత సాధారణమైపోయాడు.

ముఖ్యమైన చిత్రాలు

"ప్రేమకథా చిత్రమ్" (2013) తక్కువ ఖర్చుతో తీసి ఘనవిజయం సాధించిన చిత్రం. ఆత్మహత్య చేసుకోవడానికి ఒక అతిథి గృహానికి చేరిన యువకులు అక్కడి దెయ్యం చేతికి చిక్కడం దీని కథ. చావడానికి వచ్చినవారు దెయ్యానికి భయపడడంలోనే హాస్యం ఉంది. దీని తరువాత "గీతాంజలి" (2014), "రాజుగారి గది" (2015) వచ్చాయి.

"ఆనందో బ్రహ్మ" (2017) మహి వి.రాఘవ్ దర్శకత్వంలో వచ్చింది. దెయ్యాలున్నాయని పేరుపడిన ఇంట్లో కొన్ని రాత్రులు గడపడానికి నలుగురు వ్యక్తులు వస్తారు. వారిలో ఒకరికి రాత్రివేళ చూపు, వినికిడి పనిచేయవు. మరొకరు తాగుబోతు. దెయ్యాలు ఎన్ని విన్యాసాలు చేసినా చూడలేనివాడు, వినలేనివాడు భయపడడు. చివరికి దెయ్యాలే మనుషులను చూసి బెదిరిపోతాయి. ఈ చిత్రాన్ని తమిళంలో "పెట్రోమాక్స్" (2019) పేరుతో పునర్నిర్మించారు.

"జాంబీ రెడ్డి" (2021) ప్రశాంత్ వర్మ దర్శకత్వం వహించిన చిత్రం. పాశ్చాత్య చిత్రాలలోని జాంబీలను, అంటే మనుషులను కరిచి తమవంటివారిగా మార్చే జీవచ్ఛవాలను, ఇది కర్నూలు ప్రాంతపు ఫ్యాక్షన్ కథలోకి తెచ్చింది. "సమరసింహారెడ్డి" (1999) నాటి నుండి అలవాటైన వేటకొడవళ్ళు, తొడగొట్టడాలు, వంశ ప్రతిష్ఠలు ఇందులో జాంబీల మధ్య పరిహాసానికి గురవుతాయి.

"శుభం" (2025) ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో, నటి సమంత నిర్మాతగా వచ్చింది. భీమునిపట్నంలో, కేబుల్ టీవీ రోజులలో కథ జరుగుతుంది. రాత్రి తొమ్మిది గంటలకు ఎన్నాళ్ళయినా ముగియని టీవీ ధారావాహిక మొదలు కాగానే ఇళ్ళలోని స్త్రీలకు దెయ్యం పూనుతుంది. ఆ ధారావాహిక ముగింపు చూడకుండానే చనిపోయినవారి ఆత్మలు వారిని ఆవహిస్తాయి. తెలుగు సినిమాల చివర తెరపై కనిపించే మాటనే శీర్షికగా పెట్టడం కథకు తగినట్లున్నది. భార్యను అదుపులో ఉంచడమే మగతనమనుకునే భర్తలు, తొమ్మిది గంటలైతే ఆమెను చూసి వణకడం ద్వారా ఆ పెత్తనం కూడా ఇందులో హాస్యాస్పదమవుతుంది.

ఇతర దేశాలలో

అమెరికాలో అక్టోబరు 31న జరుపుకొనే హాలోవీన్ పండుగ సందర్భంగా భయానక హాస్య కార్యక్రమాలు రావడం ఆనవాయితీ. "ది సింప్సన్స్" అనే యానిమేషన్ కుటుంబ హాస్య ధారావాహిక 1990 నుండి ఏటా "ట్రీహౌస్ ఆఫ్ హారర్" పేరుతో ప్రత్యేక భాగాన్ని ప్రసారం చేస్తున్నది. సాధారణంగా ఒక్కొక్క భాగంలో మూడు చిన్న కథలుంటాయి. 1994 నాటి భాగంలో "ది షైనింగ్" (1980) చిత్రాన్ని అనుకరించారు. మూల ధారావాహికలోని పాత్రలు ఇందులో మరణించినా తరువాతి వారానికి మామూలుగా తిరిగి వస్తాయి. తెలుగు చిత్రాలకు ఇటువంటి పండుగ గానీ, ఏటా వచ్చే ఆనవాయితీ గానీ లేవు. అందువలన ఇవి ఏ కాలంలోనైనా విడుదలవుతాయి.

నవ్వు, నమ్మకం

దెయ్యాన్ని చూసి నవ్వడం వల్ల దెయ్యం మీద నమ్మకం తగ్గుతుందా అన్నది ఈ చిత్రాల విషయంలో ఎదురయ్యే ప్రధాన ప్రశ్న. చాలా చిత్రాలలో మొదటి సగంలో దొంగ భూతవైద్యులు, అబద్ధపు దెయ్యాలు పరిహాసానికి గురవుతారు. అయితే విరామం దగ్గర నిజమైన దెయ్యం ప్రవేశిస్తుంది. కార్తి కథానాయకుడుగా తమిళంతో పాటు తెలుగులోనూ విడుదలైన "కాష్మోరా" (2016)లో భూతవైద్యుడిగా జనాన్ని మోసం చేసే వ్యక్తి చివరకు నిజమైన ఆత్మల కోటలోనే చిక్కుకుంటాడు. యండమూరి కథతో దీనికి పేరులో తప్ప పోలిక లేదు. "జాంబీ రెడ్డి"లో ప్రయోగశాలలో మొదలైన విపత్తుకు గుడిలో పరిష్కారం దొరుకుతుంది. దీనివల్ల మోసగాడిని చూసి నవ్విన ప్రేక్షకుడు, సినిమా ముగిసేసరికి దెయ్యాన్ని గానీ మహిమను గానీ అంగీకరించవలసి వస్తుంది. "తులసిదళం"పై వచ్చిన ఆక్షేపణ హాస్యం తోడైన తరువాత కూడా పూర్తిగా తొలగిపోలేదని దీనిని బట్టి చెప్పవచ్చు.

ఈ ప్రశ్న తెరకే పరిమితమైనది కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో దాడులు, హత్యలు తెలుగు రాష్ట్రాల పల్లెలలో జరిగిన సందర్భాలున్నాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు బాబాలు, మంత్రగాళ్ళు చేసే "మహిమ"లను ఊరూరా ప్రదర్శించి, వాటి వెనుక ఉన్న రసాయనిక చర్యలను, హస్తలాఘవాన్ని వివరిస్తూ వస్తున్నాయి. ఆ ప్రదర్శనలలోనూ జనం నవ్వుతారు. అయితే అక్కడ కిటుకు బయటపడిన తరువాత నిజమైన దెయ్యం రాదు. హారర్ కామెడీలకు, వాటికి ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.